ఊరి చెరువును నలుగురు కలిసి ఏడాదిపాటు కొలిచే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెరువుల మీద రిపోర్టులకు కొదవ లేదు. నీటిపారుదల వాళ్లు ఆయకట్టు లెక్క రాస్తారు. జంతుశాస్త్రం విద్యార్థులు పక్షుల జాబితా వేస్తారు. రసాయనశాస్త్రం వాళ్లు నాలుగు సీసాల నీళ్లు పట్టుకెళ్లి పీహెచ్ చెబుతారు. సామాజిక శాస్త్రం వాళ్లు ప్రశ్నావళి చేతపట్టి ఇంటింటికీ తిరుగుతారు. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒకదానికొకటి అతకవు. నీళ్లు ఆగస్టులో పట్టారు, పక్షుల్ని జనవరిలో లెక్కపెట్టారు, రైతుల్ని ఏప్రిల్‌లో అడిగారు. ఇక ఏది దేనివల్ల జరిగిందో ఎవరూ చెప్పలేరు. అతుకు ముందే వేసుకోవాలి. ఆ అతుకు చెరువు నీటిమట్టం. నలుగురూ ఏం కొలిచినా, ఆ రోజు మట్టం ఎంతో పక్కనే రాసుకుంటే చాలావరకు పని కుదురుతుంది.

ఈ పద్ధతి పది నుంచి యాభై ఎకరాల చెరువుకు సరిపోతుంది. నీరు, జీవులు, పొలం, జనం చూసే నలుగురు, రోజూ కొలబద్ద చూసి రాసే ఊరి మనిషి ఒకరు ఉంటే చాలు. ఆ మనిషికి నెలకింత అని కూలి ముందే మాట్లాడుకోండి. ఉచితంగా చేయించుకున్న పని ఉభాలు (వరినాట్లు) మొదలవగానే ఆగిపోతుంది. పొలం, నేల సంగతులకు నైర వ్యవసాయ కళాశాల, పశువుల సంగతికి గరివిడి పశువైద్య కళాశాల దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడి విద్యార్థులను జట్టులో కలుపుకోవచ్చు.

ప్రశ్న

"ఈ చెరువు పర్యావరణ స్థితి ఏమిటి" అంటే అది ప్రశ్న కాదు, దానికి ఎంత కొలిచినా చాలదు. జవాబు రావాలంటే నలుగురూ కావలసిన ప్రశ్నను పట్టుకోండి. ఉదాహరణకు: మదుం (చెరువు తూము) ఏ మట్టం దగ్గర మూస్తే చివరి మడికి ఆఖరి తడి అందుతుంది, మార్చి నెలాఖరుకు చేపకూ కొంగకూ నీళ్లు మిగులుతాయి?

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల మేతకు చుట్టుపక్కల చెరువులకూ తంపర (చిత్తడి పల్లపు) భూములకూ పోతాయి. గూడున్న చింతచెట్టును కాపాడి, మేత దొరికే చెరువును వదిలేస్తే సంరక్షణ సగమే. ఏటా పత్రికల్లో ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని రాస్తుంటారు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగ, ఈ మూడూ దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులే. నీళ్లనూ మేతనూ బట్టి ఈ ప్రాంతాల్లోనే తిరుగుతాయి. అందుకే మన చెరువుల్లో మార్పు వాటికి నేరుగా తగులుతుంది.

మే నెల: ఎండిన చెరువులోనే అసలు పని

పని జూన్‌లో వానలతో మొదలుపెట్టాలనిపిస్తుంది, కానీ మేలోనే మొదలుపెట్టాలి. చెరువు గర్భం, అంటే అడుగు నేల, ఎండి ఉన్నప్పుడే దాని లోతులు కొలవగలం.

ముందు సున్నా ఎక్కడో తేల్చుకోండి. మదుం గుమ్మం, అంటే నీళ్లు తూములోకి దిగే అడుగు అంచు, మారని గుర్తు. దాన్ని సున్నా అనుకుంటే అంతకు దిగువ నీళ్లకు మైనస్ గుర్తు పెట్టాలి, నోటు పుస్తకంలో ఆ గుర్తు ఎగిరిపోతుంది. కాబట్టి గుమ్మాన్ని 100 సెంటీమీటర్లుగా రాసుకోండి. 100 పైన ఉన్నది పొలానికి పారే నీరు. 100 కింద ఉన్నది వేసవిలో చేపకూ పశువుకూ కొంగకూ మిగిలే నీరు.

కొలబద్దకు చెక్క కర్ర వద్దు. ఒక వానాకాలానికే ఉబ్బుతుంది, గేదెలు ఒరుసుకుని వంచేస్తాయి. ఇనుప యాంగిల్‌ను గర్భంలో అడుగున్నర లోతు కాంక్రీటులో పాతి, దానికి సెంటీమీటర్లు రాసిన రేకు బిగించండి. మదుం దగ్గర నీళ్లు లాగుతూ మట్టం తప్పు చూపిస్తాయి, కాబట్టి అక్కడికి పది పదిహేను మీటర్ల అవతల పెట్టండి. అలలుండే పెద్ద చెరువైతే పక్కన నాలుగంగుళాల పీవీసీ గొట్టానికి కన్నాలు వేసి నిలబెట్టి, గొట్టం లోపలి మట్టం చూడండి. కొలబద్ద కదిలిందో లేదో తెలియడానికి గట్టు మీద రాతికి గానీ కళింగ (మిగులు నీరు పొర్లిపోయే) గోడకు గానీ రంగుతో రెండో గుర్తు వేసి, రెండింటి తేడా రాసి పెట్టుకోండి. మూడు నెలలకోసారి సరిచూడాలి.

తర్వాత లోతులు. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తీసుకుని, గర్భం మీద 20 మీటర్లకొక చుక్క చొప్పున గడులుగా నడుస్తూ, మదుం గుమ్మంతో పోలిస్తే ప్రతి చుక్కా ఎంత పైనో కిందో రాయండి. గొట్టంలో గాలి బుడగ ఒక్కటున్నా కొలత తప్పుతుంది. ప్రతి ఉదయం రెండు కొసలూ పక్కపక్కన పెట్టి మట్టం సమానంగా ఉందో చూశాకే బయల్దేరండి. ఆ చుక్కల నుంచి ఏ మట్టానికి ఎన్ని ఎకరాలు మునుగుతుందో పట్టిక తయారవుతుంది.

మొత్తం అధ్యయనంలో విలువైన కాగితం ఇదే. కొంగలు మోకాలి లోతు లోపలే మేస్తాయి. మట్టం 140 దగ్గర 22 ఎకరాలు, 110 దగ్గర 15 ఎకరాలు మునుగుతుందనుకోండి. అప్పుడు 140 మట్టంలో అడుగు లోపు నీళ్లున్న అంచు 7 ఎకరాలు. అదే 100 దగ్గర 12 ఎకరాలు, 70 దగ్గర 3 ఎకరాలైతే, 100 మట్టంలో ఆ అంచు 9 ఎకరాలు. నీళ్లు తగ్గినా కొంగ మేత పెరిగింది. ఇంకా దిగి 70కి వస్తే ఉన్నదే 3 ఎకరాలు. నీళ్లు చూసేవారి పట్టిక, పక్షులు చూసేవారి లెక్క కలిసేది ఇక్కడే. పూడిక తీస్తే ఈ పట్టిక మారిపోతుంది. నిటారుగా తవ్వేస్తే నీళ్లు ఎక్కువ నిలుస్తాయి గానీ లోతులేని అంచు పోతుంది. పూడికతీత ప్రతిపాదన ఉన్న చెరువైతే పట్టిక ముందొకసారి, తర్వాతొకసారి వేయాలి.

ఇదే నెలలో తహసీల్దారు కార్యాలయంలో గ్రామ పటం, పాత రికార్డు చూడండి. జమీందారీ గ్రామాలకు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, రైత్వారీ గ్రామాలకు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ అనే ఆర్‌ఎస్‌ఆర్. అందులోని చెరువు విస్తీర్ణాన్ని మీ కొలతతో పోల్చండి.

రోజువారీ కొలతలు

మట్టం రోజూ ఉదయం 7కి. వాన 8:30కి, వాతావరణ శాఖ కూడా ఆ వేళకే చదువుతుంది కాబట్టి పోల్చుకోవచ్చు. వాన కొలిచే గరాటు 20 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే సీసాలో పడిన ప్రతి 31.4 మిల్లీలీటర్లు ఒక మిల్లీమీటరు వాన. చెట్టుకూ ఇంటికీ దూరంగా, వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టండి.

ఇంకుడు ఎంతో తెలియాలంటే మదుం మూసి ఉన్న, వాన లేని, గెడ్డ (వాగు) నుంచి నీరు రాని రాత్రులు చూడండి. సాయంత్రం 6కీ, ఉదయం 6కీ మిల్లీమీటర్లలో చదవండి. రాత్రి ఆవిరి తక్కువ కాబట్టి తగ్గినదంతా దాదాపు ఇంకుడే. ఐదారు రాత్రుల సగటు తీసుకోవాలి. ఒక ఎకరంలో 10 సెంటీమీటర్లు తగ్గితే 405 ఘనమీటర్ల నీరు పోయినట్టు.

నీటి నాణ్యత

పదిహేను రోజులకోసారి, మూడు చోట్ల: గెడ్డ నీరు దిగే చోట, నడుమ, మదుం దగ్గర. నీటి ఉపరితలానికి ఒక జానెడు కింద సీసా ముంచాలి, పైన తేలే నాచు రాకూడదు. కరిగిన ఆక్సిజన్ సూర్యోదయానికి ముందొకసారి, మధ్యాహ్నం 2, 3 గంటల మధ్య ఒకసారి కొలవండి. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తింటుంది. మధ్యాహ్నం ఒక్కటే కొలిస్తే చచ్చిపోబోయే చెరువు కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. తెల్లవారుజామున లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి వస్తే చేపకు కష్టం. పీహెచ్ మీటరును ఆ ఉదయమే 7, 4 బఫర్లలో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో) సరిచేసుకోండి. ఈసీ, అంటే నీటిలో ఉప్పు ఎంతో చూపే విద్యుత్ వాహకత, దాని మీటరుకు 1413 (మైక్రోసీమెన్స్/సెం.మీ.) ద్రావణం. తెరిచి చాలాకాలమైన బఫరుతో సరిచేస్తే మీటరు ధీమాగా తప్పు చెబుతుంది. నైట్రేటుకు సీసా మంచు పెట్టెలో పెట్టి మర్నాటికి ప్రయోగశాలకు చేర్చండి. బాక్టీరియాకైతే శుద్ధిచేసిన సీసా, ఆరు గంటల్లోపు.

సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు వంటి తీర మండలాల్లో ఈసీ చాలా పనికొస్తుంది. నీళ్లు ఆవిరై సగమైతే ఈసీ రెండింతలవుతుంది. ఇంకినా, పొలానికి పారినా నీటితోపాటు ఉప్పూ పోతుంది కాబట్టి అంత పెరగదు. మట్టం పట్టిక ప్రకారం నీళ్లు సగమై, ఈసీ మూడింతలైందంటే ఉప్పు బయటినుంచి వస్తోంది. పోటు నీరు ఎక్కుతోందా, రొయ్యల చెరువు వదులుతోందా అని అప్పుడు కాలువ వెంట నడుస్తూ మీటరు ముంచుతూ వెతకాలి.

పక్షులు, చేపలు

నెలకు రెండుసార్లు, సూర్యోదయం నుంచి రెండు గంటల్లోపు, ఎండ వీపున పడేలా గట్టు మీద రెండు స్థలాలు ఖాయం చేసుకోండి. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. గుంపు పెద్దదైతే పది పక్షులు ఎంత చోటు పడతాయో చూసుకుని పదుల్లో లెక్కించండి. సంఖ్యతోపాటు నీరు గోటి దాకా, మోకాలి దాకా, పొట్ట దాకా ఏది తగులుతోందో రాయండి. మే నెల పట్టికతో కలిసేది ఆ గుర్తే. గుంపు ఎగిరి అవతలి గట్టున దిగితే రెండుసార్లు లెక్కపడుతుంది, ఎగిరిన వేళ రాసుకుంటే కొట్టేయవచ్చు. గూళ్లున్న చెట్ల కిందికి పోవద్దు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకూ కాకులకూ దొరుకుతాయి. గూళ్ల దగ్గర ఏ పనికైనా అటవీశాఖ అనుమతి ఉండాలి.

చేపలు వల వేసే రోజున, వల కన్ను, వల వేసిన గంటలు, రకంవారీ బరువు రాయండి. బొచ్చె, శీలావతి వేలంపాటదారు వదిలినవి. కొరమీను, పరిగెలు, జెల్లలు చెరువులో తమంత తాము పెరిగినవి. ఈ రెండింటినీ కలపొద్దు. చెరువు బాగోగులు చెప్పేది రెండో కుప్పే, కొంగ తినేదీ ఎక్కువగా అదే.

జనం

ఇళ్లు ఎంచేటప్పుడు ఆయకట్టు తల, నడుమ, చివర నుంచి తలా పదీ తీసుకుని, భూమి లేనివాళ్లను, చేపలు పట్టేవాళ్లను, పశువుల కాపర్లను, రజకులను విడిగా కలపండి. పొలం పట్టాలున్నవాళ్ల జాబితా మాత్రమే పట్టుకుంటే చెరువు మీద రోజూ బతికేవాళ్లు సగంమంది రారు. ఆడవాళ్లను ఆడవాళ్లే, మధ్యాహ్నం తీరిక వేళ అడగాలి.

"చేపలు తగ్గాయి కదా?" అని అడిగితే తగ్గాయనే అంటారు. "పోయిన వారం ఇంట్లో చేప ఎన్నిసార్లు వండారు, ఎక్కడిది?" అని అడగండి. పాత సంగతులకు సంవత్సరం అడగొద్దు. ఫైలిన్ 2013, హుద్‌హుద్ 2014, తిత్లీ 2018: వీటిలో ఏ తుఫానుకు ముందో వెనకో అడిగితే చెబుతారు. నెలకు గుర్తులు సంక్రాంతి, ఉగాది, పైడితల్లమ్మ సిరిమాను. కుంచం, బస్తా ఊరూరికీ మారతాయి, ఒక్కసారి తూకం వేసి కిలోల్లో రాయండి. మందు కొట్టిన తేదీ, డబ్బా మీది పేరు కూడా కావాలి. వరి మడి నత్తలే నత్తగుల్ల కొంగకు మేత.

ఉపగ్రహ చిత్రాలు

సెంటినెల్-2 చిత్రాలు ఉచితం. ఒక్కో గడి 10 మీటర్లు, ఐదు రోజులకోసారి వస్తాయి. నీటిని చూపే ఎన్‌డీడబ్ల్యూఐ లెక్క రెండుచోట్ల మోసం చేస్తుంది. గుర్రపుడెక్క కప్పిన నీరు నేలలా కనిపిస్తుంది. ఉభాల నాటి మడులు చెరువులా కనిపిస్తాయి. మే కొలతల హద్దును పటం మీద గీసి, దాని లోపలే లెక్కించండి. మబ్బు నెలల్లో సెంటినెల్-1 రాడార్ చిత్రాలు వాడండి.

ఒకే పట్టిక

ఎవరి పుస్తకం వారు దాచుకుంటే ఏడాది చివర మళ్లీ మొదటికొస్తుంది. తేదీ, వేళ, స్థలం గుర్తు, చూసినవారు, ఏం కొలిచారు, ఎంత, ఏ కొలమానం, ఆ రోజు మట్టం: ఎనిమిది నిలువు వరుసలు, అందరికీ ఒకటే పట్టిక. పక్షులు చూశాం, ఒక్కటీ లేదంటే 0. ఆ రోజు వెళ్లలేదంటే ఖాళీ. ఈ రెండూ కలిసిపోతే వెళ్లని రోజులన్నీ పక్షులు లేని రోజులైపోతాయి. నెలకోసారి నలుగురూ గట్టు మీదే కూర్చుని, ఎదుటివారి అంకెలను ప్రశ్నించుకోవాలి.

ఏప్రిల్‌లో ఫలితాలు గ్రామసభకు చెప్పండి. చివరి ఆయకట్టు రైతు, చేపల పాటదారు ఇద్దరూ ఉన్న రోజునే చెప్పాలి. మదుం మూసే మట్టం మీద ఒప్పుదల కుదిరితే ఆ అంకె దగ్గర కొలబద్దకు ఎర్రరంగు పూసి, పంచాయతీ తీర్మానంలోనూ ఊరి జీవజాలం వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లోనూ రాయించండి. కుదరకపోతే పట్టిక నకలు పంచాయతీలో ఇచ్చి, మట్టం, వాన, పక్షులు మూడే ఇంకో ఏడాది కొనసాగించండి. తుఫాను వచ్చిన ఏడాదీ, రాని ఏడాదీ రెండూ చేతిలో ఉంటే తప్ప ఏ మట్టం సరైందో ఊరికి గట్టిగా చెప్పలేం.