ఉన్నట్టుండి బౌలింగ్ పోతే ఏం చెయ్యాలి

ఏళ్ల తరబడి వేస్తున్న బౌలింగ్ ఒక మ్యాచ్‌లో ఉన్నట్టుండి మాయమైపోతుంది, రనప్ అదే, గ్రిప్ అదే, కానీ బాల్ మాత్రం చేతికి అతుక్కుపోయినట్టు వదలదు, వదిలిందా పిచ్ మధ్యలో పడుతుంది లేదంటే కీపర్ తల మీదుగా పోతుంది. దీన్నే యిప్స్ అంటారు. ఇది పిరికివాళ్లకొచ్చేది కాదు, ఆట రానివాళ్లకొచ్చేది అసలే కాదు, ఈ మాట ముందు మనసులో పెట్టుకోండి. 2001లో లార్డ్స్‌లో సీ అండ్ జీ ట్రోఫీ (ఇంగ్లండ్ కౌంటీ జట్ల వన్డే కప్) ఫైనల్, లీస్టర్‌షైర్ కౌంటీ పేసర్ స్కాట్ బాస్వెల్ ఒక ఓవర్ పూర్తి చెయ్యడానికి 14 బాల్స్ వేశాడు, అందులో 8 వైడ్లు. కౌంటీ స్థాయి ప్రొఫెషనల్ అతను!

ఎందుకిలా అంటే, బాగా వచ్చిన పని మనం ఆలోచించకుండానే జరిగిపోతుంది. టెన్షన్ వచ్చేసరికి మనసు మధ్యలో దూరి మణికట్టు ఎలా ఉంది, మోచెయ్యి ఎక్కడుంది, ఫ్రంట్ ఫుట్ ఎక్కడ పడుతోంది అని ఒక్కోటీ చూడ్డం మొదలెడుతుంది, మెట్లు దిగుతూ ఒక్కో అడుగు గురించీ ఆలోచిస్తే కాలు తడబడినట్టే ఇదీనూ. సియాన్ బైలాక్ అనే సైకాలజిస్ట్ గోల్ఫ్ మీద చేసిన ప్రయోగాల్లో ఇదే తేలింది, బాగా ఆడేవాళ్లని స్వింగ్ మీద ధ్యాస పెట్టమంటే ఆట పాడైంది, కొత్తవాళ్లకేమో అదే పనికొచ్చింది. అందుకే "యాక్షన్ సరిచేసుకో" అనే సలహా ఇక్కడ మందు కాదు, విషం.

మ్యాచ్ మధ్యలో వస్తే: వైడ్ పడేకొద్దీ తొందర పెరుగుతుంది, ఎలాగోలా ఓవర్ అయిపోతే చాలనిపిస్తుంది, అక్కడే ఆగాలి. మార్క్ దగ్గరికి మెల్లగా నడవండి, ఊపిరి పూర్తిగా వదలండి, రనప్ నాలుగడుగులకి తగ్గించండి, పేస్ వద్దు. చెయ్యి గురించి అనుకోకుండా కీపర్ గ్లవ్స్ మాత్రమే చూడండి, నోట్లో ఏదైనా పాట కూనిరాగం తీసినా మంచిదే, మనసుకి వేరే పని దొరుకుతుంది. ఓవర్ అయ్యాక కెప్టెన్‌తో "అన్నా, ఇవాళ నాకు బాల్ ఇవ్వకు" అని నేరుగా చెప్పేయండి. 2021లో టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వాల్ట్ మీద (పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులాన్చి గాల్లోకి ఎగిరే ఆట) రెండున్నర ట్విస్టులు, అంటే గాల్లో ఒళ్లు మెలితిప్పుతూ రెండున్నర చుట్లు తిరగాల్సింది ఒకటిన్నరే తిరిగింది, గాల్లో తనెక్కడుందో తనకే తెలియలేదు, వెంటనే తప్పుకుంది. ఎన్ని మాటలన్నారో! కానీ అది సరైన పనే, ఆ ఆటలో మొండికేస్తే మెడ విరుగుతుంది.

తర్వాత చెయ్యాల్సింది, కొన్ని రోజులు బాల్ ముట్టుకోకండి. మళ్లీ మొదలెట్టినప్పుడు అదే నెట్‌లో అందరూ చూస్తుండగా వందల బాల్స్ వెయ్యొద్దు, చాలామంది చేసే పని ఇదే, తప్పు రిలీజ్‌నే మళ్లీ మళ్లీ ప్రాక్టీస్ చేసినట్టవుతుంది. ఎవరూ లేనప్పుడు, వికెట్లు బ్యాటర్ ఏమీ లేకుండా, టెన్నిస్ బాల్‌తో గోడకెదురుగా నిలబడి వెయ్యండి, ఎక్కడ పడినా పర్లేదు. అది హాయిగా వస్తుంటే రెండడుగుల రనప్, తర్వాత సగం, తర్వాత క్రికెట్ బాల్, తర్వాత ఒక టార్గెట్, తర్వాత నమ్మకమైన ఫ్రెండ్ ఒకడు బ్యాట్‌తో, ఆ తర్వాతే చూసేవాళ్లు. ఏ మెట్టు దగ్గర చెయ్యి బిగుసుకుంటే దాని కింది మెట్టుకి వచ్చేయండి, రోజులు లెక్కపెట్టకండి. అవసరమైతే రనప్పో బాల్ వేసే యాంగిలో కొంచెం మార్చేసినా తప్పులేదు. బైల్స్ కూడా అదే ఒలింపిక్స్‌లో బీమ్ (సన్నటి దూలం) మీదకి తిరిగొచ్చినప్పుడు ట్విస్టులున్న డిస్మౌంట్, అంటే చివర్లో కిందికి దూకే విన్యాసం తీసేసి ట్విస్ట్ లేనిది చేసింది, కంచు పతకం వచ్చింది, 2024 పారిస్‌లో మూడు బంగారు పతకాలు.

కోచ్‌లకీ నాన్నలకీ ఒక విన్నపం. "ఏమైందిరా నీకు, మొన్నటిదాకా బాగానే వేశావుగా" అనకండి, వాడు రాత్రంతా తనని తాను అడుగుతున్నది కూడా అదే. వీడియో తీసి స్లో మోషన్‌లో చూపించడం కూడా ఆపండి.

ఇంకోటి, టెన్షన్ ఏమీ లేకుండా ఒంటరిగా వేస్తున్నా మణికట్టు దానంతటదే మెలిపడుతుంటే, వేళ్లు ముడుచుకుపోతుంటే అది ఫోకల్ డిస్టోనియా కావచ్చు, వీణ వయొలిన్ వాయించేవాళ్లకి కూడా వచ్చే నరాల సమస్య ఇది, న్యూరాలజిస్ట్‌కి చూపించండి.

తిరిగొచ్చాక ఆడే మొదటి మ్యాచ్ మాత్రం గెలిచినా ఓడినా ఎవరికీ పట్టని ఫ్రెండ్లీ అయ్యుండాలి, ఒక్క ఓవరే అని కెప్టెన్‌తో ముందే మాట్లాడుకోండి. బాగా పడినా రెండో ఓవర్ అడగొద్దు.