ల్యాప్‌టాప్ మరమ్మతు మన చేతుల్లోనే – 4వ పాఠం: ఫ్యాన్ గోల, వేడి

పోయిన పాఠంలో కింది మూత ఊడదీయడం, ఏ స్క్రూ ఏ రంధ్రంలోదో కాగితం మీద బొమ్మ గీసి గుచ్చిపెట్టుకోవడం, బ్యాటరీ కనెక్టర్ విడదీయడం నేర్చుకున్నాం. అవి ఇంకా చేతికి అలవాటు కాలేదనిపిస్తే ఆ పాఠం మరోసారి చేసి రండి, తొందరేం లేదు. ఈ పాఠంలో సగం వరకు స్క్రూడ్రైవర్‌తో పనే లేదు. చెవి, అరచెయ్యి, తెరమీద కనిపించే ఒక అంకె ఉంటే చాలు.

ఫ్యాన్ మోగుతోందంటే ఫ్యాన్ పాడైందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు పాపం అది తన పని తను ఒళ్లొంచి చేస్తోంది, తేడా ఇంకెక్కడో ఉంది. కొత్త ఫ్యాన్ బిగించాక కూడా కొందరికి గోల తగ్గకపోవడం అందుకే.

వేడి నడిచే దారి

మూత తీసినప్పుడు ప్రాసెసర్ మీద ఒక లోహపు పలక, దాని నుంచి పక్కకు వెళ్లే చదునైన రాగి గొట్టం చూశారు కదా. ఆ గొట్టం లోపల బోలు. అందులో కొద్దిపాటి ద్రవం ఉంటుంది, ఎక్కువగా నీరే. ప్రాసెసర్ దగ్గర అది ఆవిరై, చల్లగా ఉన్న కొసకు వెళ్లి మళ్లీ నీరవుతుంది. అక్కడి నుంచి గొట్టం లోపలి గోడల వెంట వెనక్కి పాకుతుంది. చల్లటి కొసన పలచటి రేకులు దగ్గరదగ్గరగా పేర్చి ఉంటాయి. ఫ్యాన్ సాధారణంగా అడుగు నుంచి గాలి పీల్చి, ఆ రేకుల సందుల్లోంచి బయటికి నెడుతుంది.

ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే ఫ్యాన్ వేగం పెరుగుతుంది, మోత పెరుగుతుంది. ఎక్కడ అడ్డం పడిందో విప్పకుండానే చాలావరకు పసిగట్టవచ్చు.

ముందు వినండి

గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చెవి దగ్గరగా పెట్టి వినండి. హోరుమని ఒకే తీరున గాలి వీస్తున్న శబ్దమైతే ఫ్యాన్ బాగానే ఉంది, గట్టిగా తిరుగుతోందంతే. గరగరమంటూ, ల్యాప్‌టాప్‌ని పక్కకు వంచితే శబ్దం మారుతుంటే బేరింగ్ (ఫ్యాన్ ఇరుసును పట్టి తిప్పనిచ్చే భాగం) అరిగింది. టకటకమని లెక్కగా కొట్టుకుంటుంటే రెక్కలకు ఏదో తగులుతోంది. వైరు కావచ్చు, లోపలికి దూరిన పుల్లముక్క కావచ్చు, మూత కాస్త నొక్కుకుపోయి కావచ్చు.

ఇంకొకటి ఉంది. సన్నగా కీచుమంటూ, పేజీని పైకీ కిందికీ జరిపితే మారిపోయే శబ్దం. అది ఫ్యాన్‌ది కాదు, కరెంటు సరిచేసే కాయిళ్లది. చికాకే గానీ దానివల్ల యంత్రానికి నష్టం లేదు. దానికోసం ల్యాప్‌టాప్ విప్పకండి.

తర్వాత చెయ్యి, అంకె

విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ఉచిత ప్రోగ్రాం, లైనక్స్‌లో సెన్సర్స్ అనే కమాండ్ ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూపిస్తాయి. బల్ల మీద పెట్టి, ఏ పనీ చేయించకుండా పది నిమిషాలు వదిలేసి అంకె రాసుకోండి. తర్వాత ఏదైనా బరువైన పని, అంటే గేమో, వీడియో ఎడిటింగో, పది నిమిషాలు చేయించి మళ్లీ రాసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు 40 నుంచి 55 డిగ్రీలు, బరువు పని మీద 80 దాటి 90 దాకా రావడం చాలా ల్యాప్‌టాప్‌లకు మామూలే. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. 'వేడెక్కితే స్లో అయిపోతోంది' అని మనం గొణుక్కునేది దాన్నే.

అంకె ఎక్కువగా ఉన్న సమయంలోనే గాలి బయటికొచ్చే చోట అరచెయ్యి పెట్టండి. ఈ ఒక్క పరీక్ష నా లెక్కలో మిగతావన్నిటికంటే విలువైనది. గాలి సన్నగా, కానీ బాగా వేడిగా వస్తుంటే రేకుల్లో దుమ్ము అడ్డం పడింది. గాలి జోరుగా వస్తూ, 95 డిగ్రీల అంకె ఉన్నా చేతికి గోరువెచ్చగానే తగిలితే, వేడి రేకుల దాకా రావడం లేదన్నమాట. ప్రాసెసర్‌కీ పలకకీ మధ్య ఉండే, వేడిని పలకకు దాటించే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, లేదా పలక సరిగ్గా కూర్చోలేదు. గాలి అసలే రాకపోతే ఫ్యాన్ తిరగడం లేదు. ఆ స్థితిలో బరువు పని ఆపేసి, ముందు షట్‌డౌన్ చేయండి. గాలీ వేడీ రెండూ జోరుగా ఉంటే చల్లబరిచే ఏర్పాటు బాగానే ఉంది, వేడే ఎక్కువ పుడుతోంది.

ఈ చివరిది విప్పకుండానే తేలిపోతుంది. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సీపీయూ (అంటే ప్రాసెసర్) అనే నిలువు వరుస తలమీద క్లిక్ చేస్తే ఎక్కువ పని తినేది పైకొస్తుంది. మ్యాక్‌లో ఇదే పనికి యాక్టివిటీ మానిటర్ ఉంది. బ్రౌజర్‌లో మరచిపోయిన ట్యాబ్, యాంటీవైరస్ స్కాన్, పెద్ద అప్‌డేట్ తర్వాత జరిగే ఇండెక్సింగ్ (వెతుకులాట కోసం ఫైళ్ల జాబితా తయారుచేసుకోవడం), ఇవే తరచు దొరికే దొంగలు. ఇండెక్సింగ్ అయితే కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది, టెన్షన్ అక్కర్లేదు.

విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే చాలా ప్రాసెసర్లలో టర్బో వేగం (అవసరమైనప్పుడు మామూలు కంటే పెంచుకునే వేగం) ఆగిపోయి వేడి చాలా తగ్గుతుంది. కొన్ని మోడళ్లలో ఈ సెట్టింగ్ కనిపించదు. టైపింగ్, చదవడం లాంటి పనుల్లో పెద్ద తేడా తెలియదు. పరుపు మీద, ఒళ్లో దుప్పటి మీద పెట్టి వాడే అలవాటుంటే అడుగున ఉన్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. వెనక అంచు ఒక అంగుళం ఎత్తున ఉండేలా ఏదైనా పెట్టి చూడండి. ఫ్యాన్లున్న కూలింగ్ ప్యాడ్ కొంత సాయం చేస్తుంది గానీ, రేకులు పూడిపోయిన ల్యాప్‌టాప్‌కి దానివల్ల ఒరిగేది తక్కువ.

ఇక దుమ్ము

స్లీప్‌లో ఉంచకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, కింది మూత తెరిచి, బ్యాటరీ కనెక్టర్ విడదీయండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి వదలండి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించినా, ఈ మధ్య టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా పని అక్కడితో ఆపి, తెలిసినవారికి ఇవ్వండి.

చాలామంది ఇక్కడ ఫ్యాన్ రెక్కలు బ్రష్‌తో తుడిచేసి, శుభ్రమైంది కదా అని మూత బిగించేస్తారు. అసలు దుమ్ము అక్కడ ఉండదు. ఫ్యాన్ విసిరిన గాలి రేకులను తాకే చోట, అంటే ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య సందులో పేరుకుంటుంది. బయటి నుంచి చూస్తే రేకులు మెరుస్తూనే ఉంటాయి. ఫ్యాన్ విప్పి లోపలి వైపు చూస్తే రేకుల వరుస పొడవునా బూడిదరంగు దుమ్ము ఒక గుడ్డపేలికలా అతుక్కుని ఉంటుంది. పట్టకారుతో ఒక కొస పట్టుకుని మెల్లగా లాగితే ఒక్కోసారి చీలకుండా మొత్తం పట్టీలా ఊడివస్తుంది. బయటి రంధ్రాల్లోంచి గాలి కొడితే ఇది వెనక్కి వెళ్లి రెక్కల్లో చిక్కుకుంటుంది. మోత అప్పుడు మరీ పెరుగుతుంది.

కాబట్టి ఫ్యాన్ విప్పండి. దాన్ని సాధారణంగా రెండు మూడు చిన్న స్క్రూలు పట్టి ఉంచుతాయి. వైర్లు పట్టుకుని లాగకండి. కనెక్టర్‌కి రెండు పక్కలా ఉన్న చెవులను గోళ్లతో కొంచెం కొంచెంగా నెడితే వస్తుంది. కొన్ని మోడళ్లలో ఫ్యాన్, రాగి గొట్టం ఒకే ముక్కగా ఉంటాయి. అలాంటిది విప్పితే పేస్ట్ కొత్తగా రాయాల్సిందే, అందుకని వచ్చే పాఠం దాకా ఆగండి. ఈలోగా ఫ్యాన్ పైమూత మాత్రం విడిగా వస్తుందేమో చూడండి, చాలా వాటిలో వస్తుంది.

గాలి డబ్బా (నొక్కితే జోరుగా గాలి చిమ్మే డబ్బా) వాడితే నిటారుగా పట్టుకుని చిన్నచిన్న విసుర్లుగా కొట్టండి. వంచితే లోపలి ద్రవం చిమ్ముతుంది. గాలి కొట్టేటప్పుడు రెక్కలు తిరక్కుండా పళ్లపుల్లతో ఆపి ఉంచాలి. అదుపు లేకుండా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఫ్యాన్ ఇంకా బోర్డుకు తగిలించి ఉంటే అది జనరేటర్‌లా కరెంటు పుట్టించి వెనక్కి పంపవచ్చు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ మాత్రం వద్దు, స్థిరవిద్యుత్తుతో ప్రమాదం.

ఫ్యాన్ చేతిలో ఉండగానే నడిమధ్య గుండ్రటి భాగాన్ని వేలితో మెల్లగా కదపండి. పక్కలకు ఊగిసలాడితే గరగర దానిదే, మార్చాలి. స్టిక్కర్ కింద చుక్క మెషిన్ ఆయిల్ వేసే చిట్కా కొన్నిటిలో కొంతకాలం పనిచేస్తుంది. వంటనూనె మాత్రం జిగురుకట్టి ఇంకా చెరుపుతుంది. కొత్తది కొనాల్సి వస్తే ల్యాప్‌టాప్ మోడల్ ఒక్కటే చూసి కొనకండి. ఫ్యాన్ స్టిక్కర్ మీది పార్ట్ నంబరు, 5 వోల్టులా 12 వోల్టులా, వైర్లు ఎన్ని అనేవి సరిపోవాలి. రెండు ఫ్యాన్లున్న వాటిలో కుడిది ఎడమవైపు సరిపోదు.

అన్నీ బిగించేటప్పుడు ఫ్యాన్ వైరు దాని కాలువలోనే ఉందో లేదో చూసుకోండి. అది పైకి లేస్తే కొత్త టకటక మొదలవుతుంది.

అభ్యాసం

మూత బిగించాక అదే బల్ల మీద, అదే బరువు పనితో, మళ్లీ పది నిమిషాల చొప్పున రెండు అంకెలూ రాసుకోండి. పాత అంకెల పక్కనే రాయండి. గాలి జోరు పెరిగి అంకె తగ్గితే మీ పని పూర్తయింది, వచ్చే పాఠం తీరిగ్గా చదువుకోవచ్చు. గాలి జోరుగా వస్తున్నా అంకె అలాగే ఉంటే 5వ పాఠం మీకోసమే. పాత పేస్ట్ తుడిచి కొత్తది రాయడం, పలక మీద 1, 2, 3, 4 అని అంకెలు వేసి ఉండే స్క్రూలను ఏ వరుసలో వదులు చేయాలో అందులో చూద్దాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ, ఒక చిన్న పేస్ట్ ట్యూబు సిద్ధంగా పెట్టుకోండి.