సైకిల్‌కీ కొండకీ ఒకే హెల్మెట్ కొనాలంటే

మాది జమ్మలమడుగు. ఆదివారం చీకటితోనే సైకిలెక్కి గండికోటకు పోతాను. దాదాపు పదిహేను కిలోమీటర్లు. అక్కడ తాడు కట్టుకుని బండలెక్కి, ఎండ ముదిరేలోపు తిరిగొస్తాను. రెండు హెల్మెట్లు మోయలేక చాలా రోజులు సైకిల్ హెల్మెట్‌తోనే ఎక్కాను. ఒకరోజు నాకు పైన ఎక్కుతున్నవాడి కాలి కింద నుంచి కుంకుడుకాయంత రాయి జారి, గాలి సందులోంచి దూరి నెత్తిన తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పుడు మా మేనల్లుడు కూడా "ఒకటి చాలదా మామా?" అంటున్నాడు. చాలుతుంది, కానీ చూసి కొనాలి.

ముందు లోపలి స్టిక్కర్ చూడండి. ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం. ఈఎన్ 1078 అంటే సైకిల్‌ది. ఆ పరీక్షలో హెల్మెట్ తొడిగిన తల ఆకారాన్ని సుమారు ఒకటిన్నర మీటరు నుంచి ఇనుప దిమ్మె మీదికి పడేస్తారు. ఈఎన్ 12492 కొండెక్కేవాళ్లది. 5 కిలోల బరువును 2 మీటర్ల పైనుంచి నడినెత్తిన వదులుతారు. 3 కిలోల మొనదేలిన ఇనుమును మీటరు ఎత్తు నుంచి వేసి, తల దాకా దిగిందా అని చూస్తారు. ఈ మొన పరీక్ష సైకిల్ హెల్మెట్‌కు లేదు, నా కుట్లకు కారణం అదే. అలాగని కొండ హెల్మెట్‌తో రోడ్డెక్కకండి. పరీక్షలో దాని పక్కలకు వేసే దెబ్బ అర మీటరు ఎత్తు నుంచే. కాబట్టి రెండు నంబర్లూ ఉండాలి. పెట్టె మీద 'మల్టీ స్పోర్ట్' అని ఉంటే సరిపోదు. బైక్ హెల్మెట్ అసలు వద్దు, చెవులు మూసుకుపోయి కింద తాడు పట్టినవాడి కేక వినబడదు.

రెండు నంబర్లూ ఉన్నవి తక్కువ రకాలే దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు ఇచ్చే వీలుందో లేదో చూసుకోండి, ఎందుకంటే తలకు పెట్టి చూడటమే అసలు పని. కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోబెట్టి, హెల్మెట్ వెనకుండే చిన్న చక్రం తిప్పి బిగించండి. గడ్డం పట్టీ పెట్టకుండానే తల ఊపినా జారకూడదు. తర్వాత పట్టీ బిగించి, బ్యాగు తగిలించుకుని, బండను చూస్తున్నట్టు తలెత్తండి. వెనక అంచు బ్యాగుకు తగిలి హెల్మెట్ ముందుకు తోసుకొస్తే అది వద్దు. ఇప్పుడు సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి రోడ్డు చూడండి. ముందంచు కళ్లకు అడ్డం రాకూడదు. చాలా హెల్మెట్లు ఒకదాంట్లో నెగ్గి రెండోదాంట్లో ఓడిపోతాయి.

మన కడప ఎండకు గాలి సందులు కావాల్సిందే, అయితే పెద్దవి రెండు మూడు కన్నా చిన్నవి ఎక్కువ ఉన్నది నాకిష్టం. ఎండలో ఆపిన కారులో హెల్మెట్ వదిలేయకండి, వేడికి లోపలి థర్మోకోల్ పాడవుతుంది. ఒక్క గట్టి దెబ్బ తగిలినా, పైకి పగులు కనబడకపోయినా, మార్చేయండి.