అడవిలో మనిషి తప్పిపోతే స్థానికుల సాయంతో ఎలా వెతకాలి?

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల మీద కనిపించకుండా పోయింది. యుద్ధవిమానం, ఉపగ్రహం, వేలమంది సాయుధ సిబ్బంది గాలింపుకు దిగారు. చెంచులూ దిగారు. మర్నాడు ఉదయం పావురాలగుట్ట మీద శకలాలను కనిపెట్టింది వైమానిక దళ హెలికాప్టరే. కానీ శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి కాలినడకన బయలుదేరిన మీ బాబాయి జట్టు నుంచి విడిపోతే ఆకాశంలోకి ఏదీ లేవదు. వచ్చేది ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఊరి కుర్రాళ్లు. అప్పుడు ఆ నేల తెలిసిన మనిషే దిక్కు. అతణ్ని ఎలా పట్టుకోవాలి, ఏమి అడగాలి, ఎలా కలిసి నడవాలి అన్నదే ఇక్కడి విషయం.

1. కబురు పెట్టండి, చివరిచోటును కాపాడండి

112కు ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. పోలీసులతో పాటు అటవీ రేంజి కార్యాలయానికీ చెప్పండి. పులుల అభయారణ్యంలోకి సొంతంగా చొరబడితే వెతకాల్సిన వాళ్ల సంఖ్య పెరుగుతుందే తప్ప తగ్గదు.

మనిషి చివరిసారి కనిపించిన చోట ఒకరిని నిలబెట్టి, మిగతా వాళ్లను అటు రానివ్వకండి. నలభై మంది ఒకేసారి అడవిలోకి దూసుకెళ్లడం చూడటానికి ధైర్యంగానే ఉంటుంది. ఆ ఎనభై పాదాల కింద అసలు జాడ పోతుంది. ఇంట్లోవాళ్ల దగ్గర చెప్పుల గుర్తు తెలుసుకోండి: ఏ రకం, ఏ కొలత, ఏ మడమ అరిగింది. అలాంటి జతే మరొకటి ఇంట్లో ఉంటే అడుగుభాగం ఫొటో తెప్పించండి.

2. ఎవరిని పిలవాలి?

సర్పంచి ఇంటికి వెళ్లడం మర్యాదే కానీ, అడవి ఆయనకు తెలియాలనేమీ లేదు. మీకు కావలసింది నిన్నో మొన్నో ఆ దారిలో నడిచిన మనిషి. మేకల కాపరి, తేనె, బంక తీసేవాళ్లు, తునికాకు కోసేవాళ్లు, అటవీ శాఖ బీటు సిబ్బంది, పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో, ఉండే చెంచులు. పులుల రక్షణకు అటవీ శాఖ చెంచులనే కాపలాదారులుగా పెట్టుకుంటుంది, జాడ చదవడంలో వాళ్ల నేర్పు అలాంటిది. ఆడవాళ్లనూ అడగండి. కట్టెలకూ దుంపలకూ తిరిగే ఆమెకు ఏ వంక ఎటు తిరుగుతుందో కొట్టినపిండి.

ఒక మాట సూటిగా చెప్పాలి. చాలాచోట్ల కాపరి ఏదైనా చూసినా చెప్పడు. చెప్పినవాణ్నే ముందు స్టేషనులో కూర్చోబెడతారన్న భయం. అందుకని యూనిఫాం లేని మనిషి, ఊరివాళ్లకు తెలిసినవాడు, ముందుగా మాట్లాడాలి. రోజు కూలి ఎంతో ముందే చెప్పి, తిండి, నీళ్లు మీరే తీసుకెళ్లండి. పని మానుకుని వచ్చేవాళ్లకు ఇది దానం కాదు.

3. ఏమి అడగాలి?

“ఎక్కడ ఉంటాడంటావు?” అని అడిగితే “అడవి పెద్దది సారూ” అన్న జవాబే వస్తుంది. నేల గురించి అడగండి. “పెద్దాయనా, ఈ నెలలో నీ మేకలు నీళ్లకు ఎటు పోతాయి?” “ఈ బాటలో కొత్తవాళ్లు ఎక్కడ తప్పుతారు?” “చీకటి పడితే నువ్వైతే ఎక్కడ ఆగుతావు?” దారి చీలేచోట పశువుల బాట అసలు బాట కంటే వెడల్పుగా కనిపిస్తుంది. కొత్తవాడు దాన్నే పట్టుకుంటాడు. ఇది పటంలో ఉండదు, కాపరికి తెలుసు.

నీటి సంగతి ముఖ్యం. ఎండాకాలంలో వాగులు ఎండిపోయి దొనల్లో, చెలమల్లో మాత్రమే నీళ్లుంటాయి. దాహంతో ఉన్నవాడు వాగు వెంట కిందికి దిగుతాడు. నల్లమలలో కొన్ని వాగులు దిగి దిగి హఠాత్తుగా నిట్టనిలువు బండ అంచుకు చేరుస్తాయి. దిగినవాడు మళ్లీ ఎక్కలేడు. అలాంటి చోట్ల పేర్లు అడిగి రాసుకోండి. పటంలో ఒక పేరు, పెంటలో ఇంకో పేరు ఉంటుంది. రెండూ రాయండి, లేకపోతే రెండు జట్లు ఒకే గుండాన్ని వెతికి వస్తాయి.

ఫోను సంగతీ అడగండి. టవర్ ఆధారంగా పోలీసులు చెప్పే చోటు కొండల్లో మోసం చేయవచ్చు. కృష్ణ అవతలి ఒడ్డు టవరే ఫోనును అందుకుని ఉండవచ్చు. సిగ్నల్ అందే బండ ఏదో గూడెం వాళ్లకు తెలుసు. తప్పిపోయినవాడు దాన్ని వెతుక్కుంటూ ఎత్తుకే ఎక్కి ఉండవచ్చు.

4. చుట్టూ తిరిగి, తర్వాత లోపలికి

తెలిసిన మనిషి ముందు, మీరు వెనక. ముందుగా ఆ ప్రాంతాన్ని చుట్టే మట్టిబాటలు, ఇసుక వాగులు చూడండి. బయటికి దాటిన అడుగు ఎక్కడా లేకపోతే మనిషి లోపలే ఉండే అవకాశం ఎక్కువ. ఈ పని పొద్దున్నే మంచిది. ఏటవాలు వెలుగులో అడుగు అంచు నీడ పడి తేలిపోతుంది, మిట్టమధ్యాహ్నం అదే అడుగు కంటికి ఆనదు. దొరికిన జాడ పక్కన నాణెం పెట్టి ఫొటో తీసి, చుట్టూ పుల్లలు గుచ్చండి. అంచులు పదునుగా ఉన్నాయా, మీద ఆకు రాలిందా, చీమలు తవ్విన మట్టి పడిందా అన్నది చూసి అడుగు ఎప్పటిదో చెప్పేది చెంచు పెద్ద, మీరు కాదు. వానపడితే ఈ విద్య చాలావరకు చెల్లదు.

ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున ఆ చెట్ల కిందికి వెళ్లకండి, ఎలుగుబంటి వస్తుంది. చీకట్లో వెతుకులాట అటవీ సిబ్బంది సరేనంటేనే.

5. పిలవడం, ఆగడం

పిలిచి, కాసేపు కదలకుండా వినండి. లోయలో ప్రతిధ్వని దిక్కును తప్పుగా చూపుతుంది, శబ్దం ఎటు నుంచి వచ్చిందో స్థానికుణ్నే తేల్చనివ్వండి. చిన్నపిల్లలు భయంతో దాక్కుని పలకకపోవచ్చు. 2023లో కొలంబియా అమెజాన్ అడవిలో విమానం కూలి తప్పిపోయిన నలుగురు పిల్లల కోసం, వాళ్ల అమ్మమ్మ మాటలను వాళ్ల భాషలోనే హెలికాప్టర్ నుంచి వినిపించారు. సైనికులూ ఆదివాసులూ కలిసి వెతకగా 40 రోజులకు నలుగురూ ప్రాణాలతో దొరికారు. మతిమరుపు ఉన్న వృద్ధులు దారి వదిలి ముళ్లపొదల్లో ఇరుక్కునే ప్రమాదముంది, పిలుపుకు బదులు రాకపోయినా పొదలోకి వంగి చూడండి.

6. దొరికాక

నీళ్లు గుక్కగుక్కగా పట్టండి, స్పృహలో లేకపోతే పట్టకండి. కాలు విరిగినట్టు ఉంటే నడిపించకుండా రెండు వెదురు బొంగులకు దుప్పటి కట్టి మోయండి. వెంటనే మిగతా జట్లన్నిటికీ కబురు పంపి, లోపలికి వెళ్లినవాళ్ల పేర్ల పట్టీ పట్టుకుని ఒక్కొక్కరూ తిరిగొచ్చారో లేదో చూసుకోండి.