మంచు కాలం డెక్‌కు కంపోజిట్ బోర్డు: కొనేముందు, బిగించేముందు జాగ్రత్తలు

షికాగో, టొరంటో, న్యూజెర్సీ లాంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు పాత చెక్క డెక్ (ఇంటిని ఆనుకుని బల్లలతో కట్టే వేదిక) పీకించి కంపోజిట్ వేయించాలనుకున్నప్పుడు షాపులో మొదట అడిగేది ఒకటే: "ఈ చలికి ఆగుతుందా?" నిజానికి ఒట్టి చలి మంచి బోర్డును పెద్దగా ఏమీ చేయదు. బోర్డులోకి దిగిన నీరు గడ్డకట్టడమే చేటు. నీరు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. మధ్యాహ్నం కరిగిన మంచు సందులోకి దిగుతుంది, రాత్రికి గడ్డకట్టి ఆ సందును కాస్త తెరుస్తుంది, మర్నాడు అందులోకి ఇంకాస్త నీరు చేరుతుంది. అందుకే జనవరి అంతా గడ్డకట్టుకునే ఉండే విన్నిపెగ్ కంటే, పగలూ రాత్రీ నీరు గడ్డకట్టే 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూ ఊగే షికాగో మార్చి నెల బోర్డుకు ఎక్కువ పరీక్ష. కాల్గరీలో చినూక్ అనే వెచ్చని కొండగాలి వీస్తే ఈ మార్పు గంటల్లోనే జరిగిపోతుంది. కాబట్టి బోర్డు చూసేటప్పుడు మనసులో పెట్టుకోవాల్సినవి రెండే: నీరు ఎక్కడి నుంచి దిగుతుంది, ఎటు పోతుంది.

బోర్డు లోపల ఏముంది

కంపోజిట్ అంటే చెక్క పొట్టు, ప్లాస్టిక్ కలిపి వేడిలో కరిగించి తీసిన బోర్డు. నీరు పీల్చేది పొట్టు. పాత రకం బోర్డులకు పైన తొడుగు ఉండదు. అవి నీరు తాగి, అంచులు ఉబ్బి, బూజు పట్టడం అందరూ చూసిందే. ఎక్కడైనా స్టాక్ మిగిలి చవగ్గా ఇస్తామన్నా మంచు కురిసే ఊళ్లో వాటి జోలికి పోవద్దు.

ఇప్పటి బోర్డులకు పైన పాలిమర్ తొడుగు ఉంటుంది, దాన్నే క్యాప్ అంటారు. ట్రెక్స్ లాంటి వాటికి పైన, రెండు పక్కలా మూడు వైపులే తొడుగు, అడుగున ఉండదు. మాయిశ్చర్‌షీల్డ్ లాంటి వాటికి నాలుగు వైపులా ఉంటుంది. డెక్ నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఉండి కింద గాలి బాగా ఆడుతుంటే మూడు వైపుల తొడుగు చాలు, అడుగున తడిసినా ఆరిపోతుంది. జానెడు ఎత్తులో ఉండి, కింద మంచు పేరుకుని వారాల తరబడి కదలని చోటైతే నాలుగు వైపులా తొడుగున్నదే తీసుకోండి. ఇక్కడ డబ్బు ఆదా చేయబోతే తర్వాత రెట్టింపు ఖర్చవుతుంది.

చాలామంది గమనించనిది గాడి. క్లిప్పులు కనబడకుండా బిగించడానికి బోర్డు రెండు పక్కలా గాడి చెక్కి ఉంటుంది. కొన్ని బోర్డుల్లో తొడుగు వేశాక గాడి కోస్తారు. అప్పుడు గాడి లోపల పొట్టు బయటపడి ఉంటుంది, నీళ్లు నిలిచేదీ అక్కడే. శాంపిల్ ముక్కను వెలుతురులో పట్టుకుని గాడి లోపలికి చూడండి. పైపొర రంగే లోపలా కనిపిస్తే మంచిది. గోధుమ రంగు గరుకు కనిపిస్తే తొడుగు లేనట్టే. లోపల గుల్లగా ఉండే బోర్డులను అసలు తీసుకోవద్దు. కోసిన కొసల నుంచి నీరు లోపలికెళ్లి అక్కడే గడ్డకడితే గోడలు చీలిపోతాయి.

ప్లాస్టిక్ రకం కూడా అడగండి. పాలిఎథిలీన్ ఎంత చలిలోనైనా సాగే గుణం నిలుపుకుంటుంది. మామూలు పాలిప్రొపిలీన్ సున్నా సెల్సియస్ దగ్గర నుంచే పెళుసెక్కడం మొదలుపెడుతుంది. దాన్ని వాడే కంపెనీలు ఇతర పదార్థాలు కలిపి సరిచేస్తాయి కాబట్టి ఆ పేరు వినగానే వద్దనుకోనక్కర్లేదు, చలి పరీక్ష ఫలితం అడిగితే చాలు. పూర్తి పీవీసీ బోర్డులో చెక్కే ఉండదు, నీరు దాదాపు పీల్చదు. ఒకప్పుడు ఆజెక్ పేరుతో, ఇప్పుడు టింబర్‌టెక్ అడ్వాన్స్‌డ్ పీవీసీ పేరుతో వస్తున్నది ఈ రకమే. ధర ఎక్కువ, వేడికీ చలికీ సాగడం ముడుచుకోవడం కూడా ఎక్కువ. గట్టి చలిలో బరువైన వస్తువు పడినా, రంపం మొరటుగా దిగినా అంచు ముక్క ఊడుతుంది. నీడలో, తడిలో ఉండే డెక్‌కు మాత్రం అదే సరైనది.

లేబుల్, వంటింటి పరీక్ష

అమెరికాలో బోర్డు మీదో ప్యాకింగ్ మీదో ఏఎస్‌టీఎం డీ 7032 అని ఉండాలి. ఆ ప్రమాణంలో ముక్కను 24 గంటలు నీళ్లలో ముంచి, 24 గంటలు మైనస్ 20 ఫారెన్‌హీట్‌లో గడ్డకట్టించి, 24 గంటలు గది వేడిమికి తెచ్చి, ఇలా 3 సార్లు చేశాక బలం ఎంత తగ్గిందో కొలుస్తారు. కెనడాలో సీసీఎంసీ (నిర్మాణ సామగ్రిని మదింపు చేసే కెనడా సంస్థ) మదింపు ఉందేమో అడగండి.

ఇంట్లో కూడా ఒక పరీక్ష చేసుకోవచ్చు. మీకు నచ్చిన రెండు మూడు రకాల నుంచి 6 అంగుళాల ముక్కలు తెచ్చి, ఒక కొస తాజాగా కోయండి. వంటింటి కాటాలో గ్రాముల్లో తూచి రాసుకోండి. ఒక రోజు బకెట్ నీళ్లలో ముంచండి, తుడిచి మళ్లీ తూచండి. ఒక రోజు ఫ్రీజర్‌లో, ఒక రోజు బయట. ఇలా మూడుసార్లు. ఇది ప్రయోగశాల పరీక్షకు బదులు కాదు, రకాలను పక్కపక్కన పోల్చడానికి మాత్రమే. బరువు ఏది ఎక్కువ పెరిగిందో చూడండి. అంతకంటే ముఖ్యంగా కోసిన కొస మీద గోరుతో తొడుగు అంచును లాగి చూడండి. తొడుగు, లోపలి పదార్థం కలిసే గీత దగ్గర వెంట్రుకంత సందు కనబడినా ఆ రకం పక్కన పెట్టేయండి.

లేబుల్ మీద ఇంకో అంకె ఉంటుంది: జాయిస్టుల (బోర్డులను కింద నుంచి మోసే దూలాల) మధ్య ఎంత దూరం వరకు బోర్డు ఎంత బరువు మోస్తుందో. మామూలుగా 16 అంగుళాలు, ఐమూలగా వేసే బోర్డులకు 12. తడిసి దట్టమైన మంచు ఘనపుటడుగు 20 పౌండ్లు తూగుతుందనుకుంటే, రెండడుగుల మంచు చదరపుటడుగుకు 40 పౌండ్లు. నివాస డెక్‌లకు కోడ్ చెప్పే కనీస భారం కూడా సరిగ్గా అంతే. ఆ పైన మనుషులు నిలబడాలి. పైకప్పు మంచు జారి డెక్ మీద పడే ఇల్లయితే జాయిస్టులు 12 అంగుళాలకే వేయించండి. ఊరి మంచు భారం ఎంతో పర్మిట్ ఆఫీసులో చెబుతారు.

బిగించేటప్పుడు

ఎక్కువ డెక్‌లు పాడయ్యేది ఇక్కడే. 16 అడుగుల బోర్డు, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడాకు సుమారు 3/8 అంగుళం పొడవు మారుతుంది. నవంబర్‌లో బిగించిన బోర్డు జూలైలో పొడుగవుతుంది. చోటు లేకపోతే విల్లులా లేస్తుంది. జూలైలో బిగించింది జనవరిలో ముడుచుకుని కొసల దగ్గర నోరు తెరుస్తుంది.

చాలా కంపెనీల లెక్క ఇలా ఉంటుంది: బిగించే వేళ 40 ఫారెన్‌హీట్ పైన ఉంటే కొసల మధ్య 1/8 అంగుళం, కింద ఉంటే 3/16. గోడకు ఆనే చోట 40 పైన 1/4, కింద 1/2. పక్కపక్క బోర్డుల మధ్య 3/16 నుంచి 1/4. మీ బోర్డు కంపెనీ పుస్తకంలో వేరేలా ఉంటే అదే పాటించండి, లేకపోతే వారంటీ పోతుంది. చూడాల్సింది గాలి వేడి కాదు, బోర్డు వేడి. చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను బోర్డు మీదికి గురిపెట్టండి. వెచ్చని గరాజ్‌లో కోసి బయట బిగిస్తే రాత్రికి ముడుచుకుపోయి సందులు పెరుగుతాయి. బోర్డులను ఒక రోజు ముందే బయట చదునుగా పరిచి, అక్కడే కోయండి.

కొసల దగ్గర స్క్రూ వేసేటప్పుడు ముందు రంధ్రం చేసుకోవాలి, చలిలో ఇది తప్పనిసరి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. మంచు కరిగించే ఉప్పు మామూలు స్క్రూను త్వరగా తినేస్తుంది. జాయిస్టుల పైఅంచు మీద బ్యూటైల్ టేపు అంటిస్తే స్క్రూ రంధ్రంలోంచి నీరు చెక్కలోకి దిగదు. బోర్డు 25 ఏళ్లు ఉండి కింద చెక్క పదేళ్లకే కుళ్లితే ఏం లాభం? ఇంటి గోడకు ఆనే లెడ్జర్ బల్ల వెనక ఫ్లాషింగ్ (నీరు దిగకుండా మళ్లించే రేకు) లేకుండా ఎవరు బిగించినా ఒప్పుకోవద్దు.

పునాది గురించి క్లుప్తంగా: నేలలోని తడి గడ్డకట్టి ఉబ్బితే స్తంభం పైకి లేస్తుంది, ఎంత మంచి బోర్డయినా వంకరపోతుంది. అందుకే పునాది నేల గడ్డకట్టే లోతు దాటి దిగాలి: షికాగో ప్రాంతంలో 42 అంగుళాలు, మిన్నెసోటా దక్షిణ భాగంలో 42, ఉత్తర భాగంలో 60, టొరంటోలో సుమారు 4 అడుగుల లోతు. అమెరికాలో తవ్వే ముందు, భూమిలో తీగలు, పైపులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించడానికి 811కు ఫోన్ చేయాలి.

మంచు పడటానికి ముందు, పడ్డాక

అక్టోబర్ చివరికల్లా బోర్డుల మధ్య సందుల్లోని ఆకులు, మేపుల్ గింజలు సన్నని పుట్టీ కత్తితో లాగేయండి. అక్కడ నానిన చెత్త నీటిని పట్టి ఉంచుతుంది, రాత్రికి అదే గడ్డ. రెయిలింగ్ స్తంభాలు గుల్లగా ఉంటే అడుగున నీరు కారే చిన్న రంధ్రాలు మూసుకుపోలేదని తీగతో పొడిచి చూడండి. అవి మూసుకుంటే అల్యూమినియం స్తంభమైనా జనవరిలో చీలుతుంది. చూరు నీరు ఒకే వరసలో డెక్ మీద కారుతుంటే గట్టర్ సరిచేయించండి.

ఈ దేశాల్లో దీపావళి చలి మొదలయ్యేటప్పుడే వస్తుంది. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు డెక్ మీద వద్దు. పాలిఎథిలీన్ సుమారు 130 సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, ఆ మచ్చ పోదు. తొడుగు కాలిన చోట నీరు నేరుగా పొట్టులోకి దిగుతుంది. ఇంట్లో వాసన రాకూడదని డెక్ మీద స్టవ్ పెట్టి వేపుళ్లు చేసే వాళ్లు కింద మంట తట్టుకునే చాప వేసుకోవాలి, నూనె చిందితే వెంటనే సబ్బునీళ్లతో కడగాలి.

మంచు తీయడానికి ప్లాస్టిక్ పార, అదీ బోర్డు పొడవు వెంట. ఇనుప అంచు తొడుగును గీస్తుంది. రాతి ఉప్పు 15 ఫారెన్‌హీట్ కిందికి పోతే పెద్దగా పనిచేయదు, అప్పుడు కాల్షియం క్లోరైడ్ వాడండి. రంగు కలిపినవి మరకలు వేస్తాయి, రంగులేనివి చూసుకోండి. ఏ ఉప్పయినా ఎండ రాగానే కడిగేయాలి.

ఏప్రిల్‌లో ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని కోసిన కొసలన్నీ చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా తొడుగు లేచినా, కొస ఉబ్బి పక్క బోర్డు కంటే ఎత్తుగా తగిలినా, నాణెం పక్కన పెట్టి ఫోటో తీసి, తేదీతో బిల్లు కాపీతో కంపెనీకి అప్పుడే పంపండి.