ఇంట్లో మొక్కకి వేడి, చలి సరిపోతున్నాయా? కుండీ పక్కనే కొలిచి చూడండి

కొత్త మొక్క కొనే ముందు ఒక చిన్న థర్మామీటర్ కొనండి. రోజు మొత్తంలో అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత అని గుర్తుపెట్టుకునే డిజిటల్ రకం అయితే ఇంకా మంచిది. ఎందుకంటే మొక్కలు దెబ్బతినేది మనం చూడని వేళల్లో, అంటే తెల్లవారుజామున నాలుగింటికి కిటికీ దగ్గర పడే చలికి, లేదా ఇంటికి తాళం వేసి ఉన్న మధ్యాహ్నం అద్దం వెనక పెరిగిపోయే వేడికి. దాన్ని గోడకి తగిలించకండి. ఆకులు ఉన్న ఎత్తులో, కుండీ పక్కనే, నేరుగా ఎండ తగలకుండా పెట్టి రెండు మూడు రోజులు వదిలేయండి (ఎండ పడితే థర్మామీటరే వేడెక్కి తప్పు చూపిస్తుంది). కిటికీ గట్టు మీద ఒక అంకె, గది మధ్యలో ఒక అంకె, ఫ్రిజ్ పైన ఇంకో అంకె వస్తాయి. మీ మొక్కకి సంబంధించింది దాని పక్కన వచ్చిన అంకె ఒక్కటే.

ఇక ఎంత ఉండాలంటారా? మనం ఇళ్లలో పెంచే ఆకు మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు ఉష్ణమండల అడవులు, అక్కడ పెద్ద చెట్ల నీడలో పెరిగిన జాతులవి. అందుకే మనకి హాయిగా ఉండే వాతావరణమే వాటికీ నప్పుతుంది. పగలు 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, రాత్రి దానికన్నా మూడు నుంచి ఆరు డిగ్రీలు తక్కువ. రాత్రి కాస్త తగ్గడం మొక్కకి మేలే, పగలు ఎండలో తయారుచేసుకున్న చక్కెరని రాత్రి ఊపిరి తీసుకోవడానికి ఖర్చు చేస్తుంది కాబట్టి, రాత్రి వేడిగా ఉంటే ఆ ఖర్చు పెరిగి ఎదుగుదలకి మిగిలేది తగ్గిపోతుంది.

అన్ని మొక్కలూ ఒకటి కాదు. అగ్లోనిమా, డిఫెన్‌బేకియా, ఆంథూరియం, కలాథియా చలికి బాగా సుకుమారం, 15 డిగ్రీల కిందికి పోనివ్వకండి. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ మట్టి పొడిగా ఉంటే 10 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. సైక్లమెన్, ఇంగ్లిష్ ఐవీ మాత్రం చల్లదనాన్నే కోరుకుంటాయి, 10–18 మధ్య ఉంటే వాటికి పండగే.

ఆర్కిడ్ పెంచేవాళ్లకి ఒక మాట. ఫెలనాప్సిస్ (ఇళ్లలో ఎక్కువగా పెంచే ఆర్కిడ్ రకం) ఆకులు నిగనిగలాడుతూ ఆరోగ్యంగా ఉండి, పువ్వు మాత్రం రాకపోతే ఎరువు మీద అనుమానపడే ముందు రాత్రి వేడి చూడండి. రాత్రుళ్లు 16–18 డిగ్రీలకి దిగే చోట కొన్ని వారాలు ఉంటే పూలకాడ వేయడానికి దానికి సంకేతం అందుతుంది. ఏడాదంతా పగలూ రాత్రీ ఒకేలా వెచ్చగా ఉండే గదిలో ఆకులేస్తూ కూర్చుంటుంది.

చలి దెబ్బ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఉష్ణమండల మొక్కలు చనిపోవడానికి నీళ్లు గడ్డకట్టేంత చలి అక్కర్లేదు. 10 డిగ్రీల దగ్గరే వాటి కణాల పొరలు గట్టిపడి పనిచేయడం మానేస్తాయి. ఆ దెబ్బ అదే రోజు కనిపించదు. రెండు మూడు రోజుల తర్వాత ఆకు మీద నీళ్లు ఊరినట్టు ముదురు మచ్చలు వస్తాయి, తర్వాత అవి నల్లబడతాయి. అప్పటికి మనం ఆ చలి రాత్రిని మర్చిపోయి, తెగులేమో అని మందు కొట్టడం మొదలుపెడతాం. నా అగ్లోనిమాకి సరిగ్గా ఇలాగే జరిగింది. కిటికీ అద్దానికి ఆనుకున్న ఆకులు మాత్రమే నల్లబడ్డాయని గమనించాకే కారణం అర్థమైంది. చలి రాత్రుల్లో అద్దం గదిలోని గాలికన్నా చాలా చల్లగా ఉంటుంది కాబట్టి ఆకు అద్దానికి తగలకూడదు, కనీసం ఒక జానెడు ఎడం ఉండాలి. మొక్క తెరకీ అద్దానికీ మధ్య ఇరుక్కుని ఉంటే ఇంకా కష్టం, గది వెచ్చదనం తెర ఇవతలే ఆగిపోతుంది. రాత్రి మొక్కని తెరకి ఇవతలికి తెచ్చుకోండి. కుండీ చల్లని బండల మీద ఉంటే కింద చెక్క ముక్కో, స్టాండో పెట్టండి.

ఇంకో సంగతి, చలిలో నీళ్లు తగ్గించాలి. మట్టి చల్లబడితే వేళ్లు నీళ్లు నెమ్మదిగా పీలుస్తాయి, పోసిన నీళ్లు అలాగే నిలిచిపోయి వేరుకుళ్లు వస్తుంది. చలికాలంలో చచ్చిపోయాయనుకునే మొక్కల్లో చాలావాటిని చంపేది చలి, తడి రెండూ కలిసి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. నీళ్లు కూడా గది వేడికి వచ్చాక పోయండి, ఆఫ్రికన్ వయోలెట్ ఆకుల మీద చల్లని నీళ్లు పడితే తెల్లటి వలయాలు పడతాయి, అవి ఇక పోవు.

వేడి సంగతికొస్తే, మొక్క ఆకుల నుంచి నీటిని ఆవిరి చేసి తనని తాను చల్లబరుచుకుంటుంది. వేళ్లు అందించేదానికన్నా ఆవిరయ్యేది ఎక్కువైతే మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోతాయి. వెంటనే నీళ్ల చెంబు అందుకోకండి. ముందు మట్టి చూడండి. తడిగా ఉండి, సాయంత్రానికి ఆకులు మళ్లీ లేస్తుంటే దానికి కావాల్సింది నీడ. అద్దానికి దూరంగా జరపండి, లేదా పల్చటి తెర వేయండి. ఎండ పడే నల్లటి ప్లాస్టిక్ కుండీలో వేళ్లు ఉడికినంత పనవుతుంది, దాన్ని ఇంకాస్త పెద్ద లేతరంగు కుండీలో పెట్టి మధ్యలో ఖాళీ వదలండి. 35 డిగ్రీలు దాటిన రోజుల్లో ఎరువు వేయడం, కుండీ మార్చడం రెండూ వాయిదా వేయండి. నీళ్లు స్ప్రే చేస్తే చల్లదనం కొద్ది నిమిషాలే ఉంటుంది, దాని మీద ఆధారపడకండి.

ఏసీ, హీటర్ రెండూ ఒకే రకం ఇబ్బంది పెడతాయి: గాలి పొడిబారుతుంది, పైగా ఉన్నట్టుండి వేడి మారిపోతుంది. ఆకుల దగ్గర అరచేయి పెట్టి చూడండి. చేతికి గాలి విసురు తగిలిందంటే ఆ చోటు వద్దు. కలాథియా, ఫెర్న్‌ల ఆకుల అంచులు గోధుమ రంగులోకి మారడానికి చాలాసార్లు ఇదే కారణం, ఎన్ని నీళ్లు పోసినా ఆ అంచు మళ్లీ పచ్చబడదు.

మొక్కని కారులో తెస్తుంటే మధ్యలో ఎక్కడా ఎండలో కారు ఆపి, అద్దాలు మూసి వెళ్లకండి. అరగంట చాలు, లేత ఆకులు మాడిపోవడానికి.

ఇప్పటికే దెబ్బతిన్న మొక్క ఉంటే కంగారుపడి హీటర్ పక్కన పెట్టకండి, 20 డిగ్రీలు దాటిన మామూలు వెచ్చని చోట, నేరుగా ఎండ పడకుండా పెట్టండి. ఎరువు వద్దు. పూర్తిగా నల్లబడిన ఆకులు మాత్రమే తీసేసి, మొదలు దగ్గర కాండాన్ని వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే చిగురు వచ్చే అవకాశం ఉంది, కొన్ని వారాలు ఓపిక పట్టండి. మెత్తగా లోపలికి పోతుంటే ఆలస్యం చేయకుండా పైన గట్టిగా ఉన్న కొమ్మని కణుపు కింద కోసి, శుభ్రమైన నీళ్లలో పెట్టి, 22–25 డిగ్రీలు ఉండే చోట ఉంచండి. మనీప్లాంట్, అగ్లోనిమా లాంటివి ఇలా మళ్లీ వేళ్లు వేస్తాయి.