రెండున్నరేళ్ళ మనవడితో ఊరు తిరగడం: ఒక పాత కండక్టర్ పద్ధతి

హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఇరవై ఎనిమిదేళ్ళు టికెట్లు కొట్టాను. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లల్ని లోపలికి తోశాను, తాగొచ్చినవాళ్ళతో చిల్లర దగ్గర పోట్లాడాను. అయినా పోయిన ఏడాది మా అమ్మాయి తన కొడుకుని నా చేతికిచ్చి, "నాన్నా, ఇంక పగలంతా నువ్వే" అని ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని గచ్చిబౌలి వెళ్ళిపోతే, మొదటి డ్యూటీ రోజున కూడా పడనంత టెన్షన్ పడ్డాను. మా ఇంటావిడకి మోకాళ్ళ నొప్పులు. ఇంట్లో చూసుకోగలదు గానీ బయట తిప్పలేదు. మేముండేది వారాసిగూడలో రెండు గదుల ఇల్లు. పొద్దున పదయ్యేసరికి వాడు మంచం మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి కిటికీ ఊచల మీదికి ఎక్కేస్తాడు.

ఫోనిస్తే కూర్చుంటాడు, నిజమే. కానీ మా అమ్మాయి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందట: ఏడాది పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, రెండేళ్ళు దాటినవాళ్ళకు రోజుకు గంట మించొద్దు, రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్ళు కదలాలి. రెండు గదుల్లో మూడు గంటలు ఎక్కడ కదులుతాడు? అందుకే రోడ్డెక్కాం. వారానికి మూడు నాలుగు రోజులు వాణ్ణి తీసుకుని ఒక్కణ్ణే వెళ్తాను. మీ ఇంట్లో కూడా ఈ వయసు పిల్లలుంటే, నేను దెబ్బలు తిని నేర్చుకున్నది మీకు పనికొస్తుందేమో చూడండి.

ఒక ట్రిప్పుకి ఒకటే చూపించండి. ఇది తెలియక మొదట్లో జూ పార్కుకి తీసుకెళ్ళాను. నేను పుట్టిన 1963లోనే ఆ జూ తెరిచారు, అందుకని దాని మీద నాకొక అభిమానం. సికింద్రాబాద్‌లో 7జడ్ బస్సు ఎక్కితే నేరుగా జూ దగ్గరే దింపుతుంది. (సోమవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.) పులి, ఏనుగు, మొసలి, జిరాఫీ, అన్నీ ఒక్క రోజులోనే చూపించేయాలని నా ఆశ. అది 380 ఎకరాల జూ. మావాడు గేటు దాటి నలభై అడుగులు వేశాడో లేదో, మొక్కలకి నీళ్ళు పెట్టే పైపు దగ్గర ఆగిపోయాడు. పైపుకి చిల్లి పడి నీళ్ళు సన్నగా పైకి చిమ్ముతున్నాయి. అరగంట. లాగితే ఏడుపు. చివరికి ఎత్తుకుని పులి దగ్గరికి మోసుకెళ్ళాను. అక్కడ పులిని చూడకుండా, కంచె మీద కూర్చున్న కాకిని చూసి "తాతా, కాకి!" అన్నాడు. ఏనుగు దగ్గరికి వచ్చేసరికి నా భుజం మీద నిద్రపోయాడు. పన్నెండు కిలోల పిల్లాడు నిద్రపోతే ఇరవై కిలోలు తూగుతాడు.

తప్పు వాడిది కాదు. మనకి జూ అంటే పులి. వాడికి పైపు, కాకి, గులకరాయి, పులి అన్నీ కొత్తవే. అప్పటినుంచి బయల్దేరే ముందే ఒకటి అనుకుంటాను: ఇవాళ రైలు. ఇవాళ లిఫ్టు. ఇవాళ కొబ్బరిబొండాలు కొట్టేవాడు. అది చూశాక ఇంకేదైనా కనిపిస్తే అది ఫ్రీ.

రెండోది, డిపోకి చేరే టైమ్ ముందు పెట్టుకోండి. ఈ వయసు పిల్లలకి రాత్రి నిద్ర, పగటి నిద్ర కలిపి పదకొండు నుంచి పద్నాలుగు గంటలు కావాలంటారు. మావాడు ఒంటిగంటకి పడుకుంటాడు. అంటే పన్నెండున్నరకి ఇంట్లో పెరుగన్నం ముందుండాలి. అక్కణ్ణించి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాను. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా బస్సు మాట ఎత్తను. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి జీరో టికెట్, అంటే ఉచిత ప్రయాణం, వచ్చాక బస్సులు ఇంకా నిండుతున్నాయి. మంచిదే, నేను దిగిపోయాక వచ్చింది గానీ నాకూ సంతోషమే. కానీ ఆ రద్దీలో పిల్లాడి ముఖం సరిగ్గా జనాల బ్యాగుల ఎత్తులో ఉంటుంది. మార్చి నుంచి మే దాకా ఈ లెక్కంతా మారిపోతుంది. తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాతే బయల్దేరాలి. ఒకసారి ఏప్రిల్‌లో పదకొండింటికి బయల్దేరబోతే మా ఇంటావిడ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఏందయ్యా, పిల్లగాన్ని ఎండల తిప్పుతవా? నీ తలకాయ కూడ ఎండిందా?" అంది. ఎదురు మాట్లాడలేదు.

బ్యాగు విషయం. వీపుకి తగిలించేది వద్దు, ప్రతిసారీ దించాలి. మా క్యాష్ బ్యాగులాగా ఒక భుజం మీంచి అడ్డంగా వేసుకుని, ముందు పొట్ట దగ్గరికి వచ్చేది మంచిది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నాది చిలకలగూడలో ఒక దర్జీ దగ్గర కుట్టించుకున్నాను. అందులో నీళ్ళ సీసా, రెండు డైపర్లు, ఒక జత బట్టలు, పాత నూలు తువ్వాలు, అరటిపండు, స్టీలు డబ్బాలో చిన్న ఇడ్లీ ముక్కలు, ఒక ఓఆర్ఎస్ పొట్లం. ఆ పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్ని నీళ్ళలో మొత్తం కలపాలి. సగం సీసాలో కలిపి చిక్కగా తాగిస్తే మంచి కంటే చెడే ఎక్కువ. పల్లీలు, పుట్నాలు పెట్టకండి. గొంతులో అడ్డం పడతాయి. ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు కోసి పెట్టండి. బొమ్మలు మోసుకెళ్ళాల్సిన పనిలేదు. దారిలో దొరికిన చింతగింజ చాలు, అదీ నోట్లో పెట్టుకోకుండా మీ కన్ను దాని మీదే ఉండాలి.

ఇప్పుడు బస్సు. ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను, నాకు తెలిసిన విద్య ఇదొక్కటే.

ఎక్కేటప్పుడు పిల్లాణ్ణి ఎడమ చంకనేసుకుని కుడిచేత్తో రాడ్ పట్టుకోండి. కదులుతున్న బస్సు ఎక్కొద్దు. ఇంకోటి వస్తుంది, రాకపోతే ఇంటికి వెళ్ళిపోండి, కొంప మునగదు. లోపల అన్నిటికన్నా వెనక సీటు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే అనుభవమున్నవాడు అక్కడ కూర్చోడు. స్పీడ్ బ్రేకర్ వస్తే వెనక చక్రాల అవతల ఉన్న సీటు గజం ఎత్తు ఎగురుతుంది. మధ్యలో కూర్చోండి. ఆడవాళ్ళ సీట్ల వెనక వరుస మాకు అచ్చొచ్చింది. పిల్లాణ్ణి ఒళ్ళో ముందుకి తిప్పి కూర్చోబెట్టి, వాడి పొట్ట చుట్టూ ఒక చెయ్యి వేసి ఉంచండి. ముందు సీటు కమ్మీ సరిగ్గా వాడి నోటికి అందుతుంది. ప్రతి పిల్లాడూ దాన్ని కొరుకుతాడు! మురికి సంగతి పక్కన పెట్టండి, డ్రైవర్ సడన్ బ్రేక్ వేస్తే పళ్ళు రాలతాయి. ఒక తల్లి ఒళ్ళో పిల్లకి అలా పెదవి చీలడం నా కళ్ళారా చూశాను. కమ్మీకి, నోటికి మధ్య మీ అరచెయ్యి అడ్డం పెట్టండి.

దిగేటప్పుడు బస్సు పూర్తిగా ఆగాక, మెట్టు మీద ఒక క్షణం నిలబడి ఎడమవైపు వెనక్కి చూడండి. మన ఊళ్ళో బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య మూరెడు జాగా ఉంటే చాలు, బైకువాళ్ళు దూరిపోతారు. నా సర్వీసులో జనం కింద పడిన సందర్భాల్లో ఎక్కువ ఇలా జరిగినవే.

ఇక టికెట్. వాడి వయసుకి టికెట్ అక్కర్లేదు, కానీ ఆ మాట వాడితో చెప్పి చూడండి. అందరికీ మిషన్లోంచి కాగితం వస్తోంది, తనకే లేదు! మొదటిసారి చిలకలగూడ నుంచి సికింద్రాబాద్ దాకా ఏడ్చాడు. ఇప్పుడు నా టికెట్ వాడి చేతిలో పెట్టి, "చెకింగ్ వస్తే చూపించాలి, నమలొద్దు" అంటాను. బాధ్యతగా పట్టుకుంటాడు. దిగాక మరిచిపోకుండా తీసేసుకోవాలి, లేకపోతే అదీ నోట్లోకే.

మాకు అన్నిటికన్నా తేలికైన ట్రిప్పు రైలు. సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కుతాం, ఐదు రూపాయల టికెట్, వాడికి అదీ లేదు. ఒక్క స్టేషన్ వెళ్ళి సికింద్రాబాద్‌లో దిగి, పెద్ద బళ్ళు వచ్చేదీ పోయేదీ బెంచీ మీద కూర్చుని చూసి, మళ్ళీ ఒక్క స్టేషన్ వెనక్కి. అంతే. ఓపిక ఉన్న రోజు లింగంపల్లి బండిలో కూర్చుని సంజీవయ్య పార్కు దాకా పోతాం. అక్కడ 2016లో పెట్టిన 291 అడుగుల జెండా స్తంభం ఉంది. దాన్ని చూడటానికి మెడ వెనక్కి వంచి వంచి, వాడు వెల్లకిలా పడిపోయాడు. తర్వాత రోజు కూడా ఇంట్లో ఫ్యాను కింద నిలబడి అదే పని. ప్లాట్‌ఫామ్ మీద మాత్రం చెయ్యి కాదు, మణికట్టు పట్టుకోండి. చెమట పట్టిన చిన్న చెయ్యి సబ్బుముక్కలా జారిపోతుంది.

వాన రోజు మెట్టుగూడ మెట్రో స్టేషన్. రైలెక్కాలనేం లేదు, లిఫ్టు చాలు. పైకి, కిందికి, మళ్ళీ పైకి. బటన్ నొక్కేది వాడే. కర్రపట్టుకున్న పెద్దావిడ ఎవరైనా వస్తే ముందు ఆవిడకి దారివ్వాలి, ఆ పాఠం కూడా అక్కడే అయిపోయింది. ఎస్కలేటర్ మీద ఎత్తుకునే ఉండండి. రబ్బరు చెప్పుల అంచు అందులో చిక్కుకుంటుంది. అమీర్‌పేట్ వైపు మాత్రం వెళ్ళను. రెండు లైన్లు కలిసే స్టేషన్, ఆ జనంలో నాకే కాలు ఆనదు.

ఒక్క మ్యూజియం చెబుతాను: సాలార్‌జంగ్. శుక్రవారం సెలవు. అక్కడున్నవన్నీ చూపించబోకండి, తిన్నగా గంటల గడియారం దగ్గరికి వెళ్ళండి. గంట అయ్యే ముందు చిన్న గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్నైతే అన్ని గంటలు కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. జనం ముందే కూర్చుని ఎదురుచూస్తుంటారు, పది నిమిషాలు ముందుంటే మంచిది. ఇక్కడొక కిటుకుంది. ఒంటిగంటకి వెళ్తే ఒకే దెబ్బ కొట్టి వెళ్ళిపోతుంది, పిల్లాడు మోసపోయినట్టు చూస్తాడు. పన్నెండుకి వెళ్తే పన్నెండు దెబ్బలు, కానీ జనం ఎక్కువ, నిద్ర టైమ్ కూడా దగ్గరపడుతుంది. పదకొండు సరైనది. మావాడు "ఒకటి, రెండు, ఏడు, ఏడు, ఏడు" అని లెక్కపెట్టాడు. ఆ వారమంతా మా ఇంట్లో గోద్రెజ్ బీరువా ముందు కూర్చుని, గడ్డం తాత ఎప్పుడొస్తాడని అడిగాడు.

ఏడుపు గురించి చెప్పేదేమీ పెద్దగా లేదు. ఆకలి, నిద్ర, వేడి, తడి, వరసగా ఈ నాలుగూ చూసుకోండి. నాలుగూ కాకపోతే పక్కకి తీసుకెళ్ళి గోడవార కూర్చుని ఏడవనివ్వండి. చుట్టూ ఉన్నవాళ్ళు "చాక్లెట్ ఇవ్వండి బాబాయ్", "పోలీసు వస్తాడని చెప్పండి" అంటారు. వినకండి. రేపు నిజంగా తప్పిపోతే వాడు వెళ్ళాల్సింది పోలీసు దగ్గరికే, ఇప్పుడే భయపెట్టేస్తే ఎట్లా?

తప్పిపోవడం అంటే గుర్తొచ్చింది. ఒక కూరగాయల మార్కెట్లో బెండకాయలు ఏరుతూ చెయ్యి వదిలాను. తప్పు పూర్తిగా నాదే. తలెత్తితే పిల్లాడు లేడు. మొదట వాడి పేరు పెట్టి అరిచాను, ఎవరూ పట్టించుకోలేదు, ఆ పేరు ఎవరిదో వాళ్ళకేం తెలుసు? అప్పుడు పాత గొంతు తీశాను, బస్సు ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించే గొంతు: "పచ్చ చొక్కా, రెండేళ్ళ పిల్లగాడు, కాళ్ళకు చెప్పుల్లేవు!" నాలుగు బళ్ళ అవతల నుంచి ఉల్లిగడ్డలమ్మే ఆమె "ఈడున్నడు తాతా, బుట్టల కూసున్నడు" అంది. రెండు నిమిషాలు కూడా అయ్యుండదు, కానీ నా కాళ్ళు సాయంత్రం దాకా వణికాయి. ఆ రోజు నుంచి బయట ఎప్పుడూ వాడికి ముదురు రంగు చొక్కానే, బయల్దేరే ముందు గుమ్మంలో ఒక ఫోటో, జేబులో మా అమ్మాయి నంబరూ నా నంబరూ రాసిన చీటీ. చీటీ మీద వాడి పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాడి వెంట పిల్లలు వెళ్ళిపోతారు.

చివరగా, ఇంటికొచ్చి వాడు పడుకున్నాక ఒక చిన్న నోట్‌బుక్‌లో లెక్క రాస్తాను. డ్యూటీలో ఎస్సార్ షీటు, అంటే టికెట్ల లెక్క కాగితం, రాసిన చెయ్యి, ఊరుకోదు. ఏ టైమ్‌కి ఏడ్చాడు, ఏం తిన్నాడు రాసుకుంటే, మర్నాడు ఎప్పుడు బయల్దేరాలో అదే చెబుతుంది. మావాడికి తొమ్మిదిన్నరకి ఏదో ఒకటి తినిపించకపోతే పదింటికి తప్పకుండా గోల చేస్తాడని నాకు ఆ పుస్తకం చూశాకే తెలిసింది. పోయిన మంగళవారం ఇలా ఉంది:

బయల్దేరింది 10.40. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లు. ఎక్కినవి 14, దిగినవి 14, మళ్ళీ ఎక్కినవి 14. పడింది ఒకసారి, మోకాలు. ఏడుపు రెండుసార్లు, రెండోది నేను కూర్చున్నందుకు. ఇడ్లీ సగం వాడు, సగం కుక్క. ఇల్లు చేరింది 12.20. ఒక చెప్పు లేదు.